నిలువెత్తు ప్రాణులు: పదకొండు బొమ్మల సంచార ప్రదర్శన డైరీ

జనవరి 18

పదకొండు ప్రాణుల జాబితా ఈ రోజు ఖరారైంది. కలివికోడి (పొదల మధ్య పరుగెత్తే చిన్న పక్షి), బట్టమేక పిట్ట (గడ్డిబీళ్ళలో తిరిగే బరువైన పెద్ద పక్షి), తోడేలు, కృష్ణజింక, అలుగు (ఒళ్ళంతా పొలుసులున్న జంతువు), దేవాంగపిల్లి (పెద్ద కళ్ళతో రాత్రిపూట తిరిగే చిన్న జంతువు), నక్షత్ర తాబేలు, ఉడుము, బంగారు బల్లి, రాబందు, ఎలుగుబంటి. ఇవన్నీ రాయలసీమ బీళ్ళలోనూ కొండవాలుల్లోనూ ముళ్ళ పొదల్లోనూ బతుకుతున్నవి, లేదా మన పెద్దవాళ్ళ కాలం దాకా బతికినవి. పులిని కావాలనే వదిలిపెట్టాను. నల్లమల పులికి గోడల మీదా, కేలండర్ల మీదా, బడి పుస్తకాల అట్టల మీదా ఎప్పుడూ చోటు ఉంది. బట్టమేక పిట్టను మాత్రం అది తిరిగిన ఊళ్ళలోని పిల్లలే బొమ్మగానైనా చూసి ఎరుగరు.

ఈ పని గురించి నాలుగేళ్ళుగా ఆలోచిస్తున్నాను. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్ళుగా డ్రాయింగు నేర్పుతున్నాను. జంతువుల చిత్రాలు నగరాల గ్యాలరీల్లో వేలాడి, అక్కడే అమ్ముడుపోయి, ఏ పల్లె పొలిమేరలో ఆ జంతువు తిరుగుతుందో ఆ పల్లె మనిషి కంట పడకుండానే ఎవరి ఇంటి గోడ మీదికో చేరిపోవడం నాకు చాలాకాలంగా బాధగా ఉంది. అందుకే ఈ పదకొండు బొమ్మలూ అమ్మకానికి కావు. ప్రతి బొమ్మనూ ఆ ప్రాణి అసలు కొలతలోనే వేయాలని, దాన్ని ఎరిగినవాళ్ళ ఊళ్ళకే ముందుగా తీసుకెళ్ళాలని, బొమ్మ కింద ఒక నోటు పుస్తకమూ పెన్సిలూ ఉంచి తప్పులు చెప్పించుకోవాలని, చెప్పిన తప్పును తర్వాతి ఊరికి వెళ్ళేలోపు దిద్దాలని నిశ్చయించుకున్నాను. గువాష్ రంగులను ఎంచుకున్నది కూడా ఇందుకే. పలుచని నీటిరంగు ఒకసారి కాగితంలోకి ఇంకితే దిద్దుబాటుకు లొంగదు. గువాష్ మందంగా కప్పుతుంది కాబట్టి పాత గీత మీద కొత్త గీత నిలుస్తుంది.

ఎలుగుబంటి ఒక్కదానికి ఈ కొలత నియమం పూర్తిగా కుదరదు. దానికి తల, ముందరి పాదాలు, పుట్టలు తవ్వే ఆ పొడవాటి గోళ్ళు మాత్రమే వేస్తాను.

జనవరి 27

అసలు కొలత మీద నాకింత పట్టుదల కలగడానికి కారణం ఎలిజబెత్ గ్విలిమ్ బొమ్మలు. ఆమె భర్త మద్రాసు సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా పనిచేశారు. 1801లో మద్రాసు చేరిన ఆమె 1807లో అక్కడే చనిపోయింది. ఆ కొద్ది ఏళ్ళలో ఆమె వేసిన పక్షుల నీటిరంగుల చిత్రాల్లో 121 ఈనాడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. పెద్ద పక్షులను సైతం పెద్ద పెద్ద కాగితాల మీద నిలువెత్తుగా వేసింది. మద్రాసులో ఉంటూ ఆమె తెలుగు నేర్చుకుందన్న సంగతి తెలిసిన రోజు నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. బోయవాళ్ళు పట్టి తెచ్చిన పక్షిని ఎదురుగా ఉంచుకుని, దాని పేరు వాళ్ళనే తెలుగులో అడిగి ఉంటుందన్న ఊహ ఇప్పటికీ నన్ను వదలదు.

చిన్న కాగితంలో కుదించి వేసిన పక్షి బొమ్మ సమాచారం మాత్రమే ఇస్తుంది. నిలువెత్తుగా వేసినప్పుడు చూసే మనిషి తన చెయ్యి దాని పక్కన పెట్టి కొలుచుకుంటాడు. మా ఇంటికి వచ్చిన పిల్లలందరూ అలాగే చేస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే అరచేతిని అలుగు పొలుసు మీద పెట్టి చూస్తున్నారు.

ఫిబ్రవరి 9

రంగుల పరీక్ష ఫలితం చూశాను. పోయిన వేసవిలో పద్దెనిమిది రంగులను పట్టీలుగా పూసి, ప్రతి పట్టీలో సగాన్ని నల్ల కాగితంతో కప్పి, పడమటి కిటికీ అద్దానికి లోపలివైపు అంటించాను. ఎనిమిది నెలల తర్వాత నల్ల కాగితం తీస్తే అలిజరిన్ క్రిమ్సన్ ఎండ తగిలిన వైపు పాలిపోయింది, మెరిసే గులాబీరంగు దాదాపు లేదు. మట్టిరంగులు మాత్రం రా అంబర్, బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్ మూడూ రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. నా పదకొండు ప్రాణులూ మట్టిలో కలిసిపోవడానికే పుట్టినవి కాబట్టి, వాటికి కావలసిన రంగులే ఎండకు నిలిచే రంగులు కావడం ఈ ప్రాజెక్టుకు దొరికిన పెద్ద వెసులుబాటు.

ఈ పరీక్ష అనవసరమని కొందరు మిత్రులు అన్నారు. కానీ నీటిరంగుల బొమ్మల మీద మ్యూజియంలు దాదాపు యాభై లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురే పడనిస్తాయి. మన బడి వరండాలో పట్టపగలు నీడలో కూడా దానికి వంద రెట్లకు పైగా వెలుతురు ఉంటుంది. ఊరూరా తిరిగే బొమ్మ మ్యూజియం బొమ్మ కంటే గట్టిగా పుట్టాలి.

కృష్ణజింక పోతు మీది నలుపు కోసం నల్లరంగు గొట్టం వాడడం లేదు. అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే నలుపులో ఎండ పడిన చోట గోధుమ ఛాయ, నీడలో నీలి ఛాయ వస్తాయి. జింక వీపు మీద నేను చూసింది అదే.

ఫిబ్రవరి 23

అటవీ శాఖ అనుమతి తీసుకుని, కలివికోడి ఉండే కడప జిల్లా లంకమల అభయారణ్యం అంచున రెండు పగళ్ళు గడిపాను. నేను వెళ్ళింది కలివికోడిని చూడడానికి కాదు. అది నిలబడే నేలను చూడడానికి. కలివె, రేగు, తుమ్మ పొదలు మనిషి నడుం ఎత్తు దాటకుండా దూరదూరంగా ఉన్నాయి. వాటి నడుమ నేల బోసిగా, గులకరాళ్ళతో ఉంది. ఈ ఖాళీయే ఆ పక్షికి ప్రాణం. అది పరుగెత్తే పక్షి. పొద మరీ చిక్కనైతే దానికి దారి ఉండదు, పొదలు నరికేస్తే చాటు ఉండదు.

దూరం నుంచి ఎర్రగా కనిపించే ఆ నేలను మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే ఎరుపు కంటే బూడిదరంగే ఎక్కువ. ఎర్రమట్టి మీద తెల్లటి, లేత గులాబీ రంగు రాళ్ళు, వాటి నడుమ ఎండిన రేగు ఆకులు, మేకల పెంటికలు. ఒక చదరపు అడుగు నేలను దారంతో గడులు కట్టి, ప్రతి గడిలోని రంగును చిన్న కాగితం ముక్కల మీద కలిపి చూసుకున్నాను. మొత్తం నలభై మూడు ముక్కలు వచ్చాయి. ఒక గుప్పెడు మట్టిని సీసాలో తెచ్చుకోవాలనిపించింది కానీ, అభయారణ్యం నుంచి రాయి ముక్క కూడా తేకూడదని వెంట వచ్చిన గార్డు చెప్పారు. అది సరైన మాటే.

మార్చి 16

ఇరవై రోజులుగా కలివికోడి మీదనే ఉన్నాను.

ఇది చూడని ప్రాణిని వేయడం. జహంగీరు దర్బారు చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ 1621లో జీబ్రాను వేసినప్పుడు ఆ జంతువు ఆయన ఎదుటే నిలబడి ఉంది. అందుకే దాని చెవి వెంట్రుకలు సైతం నేటికీ నమ్మదగినవిగా ఉన్నాయి. నాకు ఆ భాగ్యం లేదు. థామస్ జెర్డాన్ అనే వైద్యుడు 1848 ప్రాంతంలో లోకానికి తెలియజేసిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో వెతుకుతున్నప్పుడు, ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో ఒకదాన్ని ప్రాణంతో పట్టి తెచ్చాడు. ఎనభై ఏళ్ళకు పైగా పుస్తకాల్లో లేనట్లే లెక్కకట్టిన పక్షి పల్లెవాళ్ళ నోట కలివికోడిగా ఉంటూనే ఉంది. ఈ ప్రదర్శన మొత్తానికి నేను పట్టుకున్న తాడు అదే.

ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి పాదముద్రల కోసం చూశారు, కెమెరాలు బిగించారు, దాని అరుపును రికార్డు చేసి చీకట్లో వినిపించి జవాబు కోసం కాచుకున్నారు. అయినా దీన్ని బతికుండగా చూసినవాళ్ళు చాలా తక్కువ. నా ఆధారాలు ప్రచురితమైన కొద్దిపాటి ఛాయాచిత్రాలు, వర్ణనలు, దాని దగ్గరి చుట్టాలైన ఇతర కర్సర్ (నేల మీద పరుగెత్తే) పక్షుల నడక.

కొలత సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెలుపు. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ. కంటి మీదుగా వెడల్పాటి తెల్లని కనుబొమ గీత. ముక్కు మొదట్లో పసుపు, కొసన నలుపు. కాలికి మూడే వేళ్ళు, మూడూ ముందుకే; వెనక వేలు లేదు. నా తొలి పెన్సిలు గీతలో అలవాటుగా కోడికి వేసినట్లు వెనక వేలు వేసేశాను. పేరులో కోడి ఉన్నంత మాత్రాన కాలు కోడిది కాదు.

కష్టమంతా కన్ను దగ్గర వచ్చింది. రాత్రి తిరిగే పక్షి కాబట్టి కన్ను తలకు మించినంత పెద్దది. దాన్ని ఉన్నంతా వేస్తే బొమ్మ ముద్దుగా, పిల్లల పుస్తకంలోని పక్షిలా అయిపోతోంది; తగ్గిస్తే పగటి పక్షి అయిపోతోంది. కన్ను చుట్టూ ఉండే లేతరంగు వలయాన్ని సన్నబరిచి, కనుగుడ్డులోని మెరుపు చుక్కను పైనుంచి పక్కకు జరిపాను. పైన ఉన్న మెరుపు సూర్యుడిది. పక్కన, కింది అంచుకు దగ్గరగా ఉన్న మెరుపు నేల దగ్గరి వెలుతురుది. ఆ ఒక్క చుక్క జరగడంతో పక్షి సాయంత్రంలోకి వచ్చింది. ఆ పని ఐదు నిమిషాలది. అది తోచడానికి పదకొండు రోజులు పట్టింది.

గూడు, పిల్లలు వేయమని ఒకరు సలహా ఇచ్చారు. వేయను. నాకు ఆధారం లేని చోట బొమ్మలో ఖాళీ నేలే ఉంటుంది.

ఏప్రిల్ 4

బట్టమేక పిట్ట కాగితంలో పట్టడం లేదు. మగపక్షి ఎత్తు దాదాపు ఒక మీటరు. మామూలు పెద్ద కాగితం 22 అంగుళాలు, 30 అంగుళాలు. జాన్ జేమ్స్ ఆడుబాన్ అమెరికా పక్షులన్నింటినీ అసలు కొలతలోనే అచ్చు వేయించాలని పట్టుబట్టి, 1827 నుంచి 1838 దాకా, మీటరు పొడవున్న కాగితాలు వాడి కూడా, పొడుగు కాళ్ళ ఫ్లెమింగోను మెడ నేలకు వంచితే తప్ప ఇమడ్చలేకపోయాడు. చుట్టకాగితం తెప్పిస్తే ఖర్చుతో పాటు పెట్టె కొలత కూడా మారుతుంది. అందుకని నేనూ ఆడుబాన్ దారే పట్టి, మిడతను పట్టడానికి మెడ వంచిన భంగిమలో వేశాను. కాగితంలో చక్కగా కుదిరింది.

మే 2

తోడేలు, ఉడుము, రాబందు పూర్తయ్యాయి. తోడేలుకు జూలో చలికాలంలో వేసుకున్న స్కెచ్‌లు పనికివచ్చాయి. రాబందు మెడ దగ్గరి ఈకల కాలరు మూడుసార్లు చెరిపి వేశాను. ఎండలు ముదిరాయి, బ్రష్ కాగితాన్ని తాకేలోపే రంగు ఆరిపోతోంది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా తప్ప పని సాగదు.

జూన్ 20

పెట్టెల పని. మా వీధి వడ్రంగి నాలుగు పెట్టెలు తయారు చేశాడు. లోపల నిలువు గాడులు, గాడికి ఒక ఫ్రేము, ఫ్రేముల నడుమ నురగ షీటు. అద్దానికి బదులు అతినీలలోహిత కిరణాలను ఆపే అక్రిలిక్ షీటు వేశాను. దారిలో అద్దం పగిలితే పోయేది అద్దం ఒక్కటే కాదు, దాని పెంకు బొమ్మను కూడా కోస్తుంది. బొమ్మకూ అక్రిలిక్‌కూ మధ్య మందమైన మౌంటు అట్ట అంచు తప్పనిసరి. గువాష్ గాలిలో తేమను పీల్చుకుంటే మెత్తబడి, తాకినదానికి అంటుకుంటుంది.

ప్రతి ఫ్రేము వెనక తేమ పీల్చే సిలికా జెల్ సంచి, ఊరి పేరు, తేదీ, అప్పటి బొమ్మ పరిస్థితి రాసుకునే చీటీ ఉన్నాయి. పెట్టె ఒక్కొక్కటి ఇద్దరు మోయగలిగిన బరువులోనే ఉండాలని ముందే అనుకున్నాను. మా మేనల్లుడు ఒకవైపు, నేను ఒకవైపు పట్టి, మేడ మెట్లు దింపి ఎక్కించి చూశాం. నాలుగో పెట్టెలో నుంచి ఎలుగుబంటిని తీసి విడిగా కట్టవలసి వచ్చింది.

జులై 13

మొదటి మజిలీ మా ఊళ్ళోనే, ఒక బడి హాలులో, మూడు రోజులు. పిల్లలు నక్షత్ర తాబేలు దగ్గరా దేవాంగపిల్లి దగ్గరా ఎక్కువసేపు నిలబడ్డారు. ఒక అమ్మ నన్ను పక్కకు పిలిచి, తమ ఇంట్లో ఇలాంటి తాబేలే ఉందని, ఇల్లు కలిసివస్తుందని ఎవరో ఇచ్చారని మెల్లగా చెప్పింది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరమని, అటవీ శాఖవాళ్ళకు అప్పగించడమే మేలని నేనూ మెల్లగానే చెప్పాను. మర్నాడు ఆమె మళ్ళీ వచ్చి, "అప్పజెప్పినాం మేడమ్, పిల్లోడు ఒకటే ఏడుపు" అంది. ఆ పిల్లవాడికి నా తాబేలు స్కెచ్ ఒకటి ఇచ్చి పంపాను. నోటు పుస్తకంలో తప్పులేవీ రాలేదు. అన్నీ మెచ్చుకోళ్ళే. నేను కోరుకున్నది ఇది కాదు.

ఆగస్టు 4

రోళ్ళపాడు దగ్గరి ఒక పల్లె. ఈ ప్రాజెక్టులో నేను బాగా నేర్చుకున్న రోజు ఇది.

రోళ్ళపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని ఏర్పాటు చేసిందే బట్టమేక పిట్ట కోసం. ఇప్పుడు అక్కడ ఆ పక్షి లేదు. దేశం మొత్తం మీద నూట యాభైకి లోపే మిగిలాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో ఉన్నాయి. గడ్డిబీళ్ళు సాగులోకి వెళ్ళాయి, కరెంటు తీగలు వచ్చాయి. ఈ బరువైన పక్షికి ఎదుటివైపు చూపు తక్కువ, పైగా ఎగురుతూ ఒక్కసారిగా పక్కకు తిరగలేదు. తీగ కనబడేసరికి తప్పుకొనే వ్యవధి దానికి ఉండదు.

రచ్చబండ పక్కన వరండాలో బొమ్మలు పెట్టాం. మధ్యాహ్నం గొర్రెల కాపరులు నలుగురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన, డెబ్బై దాటినవాడు, బట్టమేక ముందు చాలాసేపు నిలబడి, చివరికి నా వైపు తిరిగాడు.

"ఏందమ్మా, దీన్ని ఇట్ల వంచి పెట్టినావు? మేసేటప్పుడు గూడా ఇది తలకాయ శానాసేపు దించదు. రెండుసార్లు పొడుస్తాది, మళ్ళ ఎత్తి సూస్తాది. మనిషి అల్లంత దూరాన ఉండంగానే దానికి తెలిసిపోతాది. నువ్వేసిన పిట్ట బెదురు లేని పిట్ట."

"మరి ఎట్లా నిలబడుతుంది తాతా?" అని అడిగాను.

ఆయన చేతికర్రను నేలకు ఆనించి, గడ్డాన్ని కొంచెం పైకెత్తి, మెడను నిటారుగా చేసి, ముక్కు ఆకాశం వైపు రవ్వంత వాలేలా నిలబడి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వలేదు. ఆ నిలబడడంలో పక్షి ఉంది. నేను వెంటనే స్కెచ్ తీసుకున్నాను. కాగితం సరిపోదని నేను వంచిన మెడను ఆ పక్షి ఎన్నడూ అంతసేపు వంచి ఉండదు. ఆడుబాన్‌ను అనుసరించడంలో నేను చూసుకున్నది కాగితం సౌకర్యం మాత్రమే.

రెండో కాపరి తోడేలు దగ్గర ఆగాడు. ఈయన మాటలో కొంత కోపం ఉంది. పోయిన ఏడు మూడు గొర్రెపిల్లలు పోయాయట. "తోడేలు ఇట్ల బొద్దుగా ఉంటాదా మేడమ్? సలికాలంలో ఉంటే ఉండొచ్చు. ఎండల్లో దాని బొచ్చు రాలి, పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు. మా మందకాడికి వచ్చేది ఆ తోడేలే." నిజమే. నా బొమ్మలోని తోడేలు తిండికి లోటు లేని జూలో చలికాలపు తోడేలు, దాని వెనక నేను వేసిన గడ్డి మాత్రం మే నెలది. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉండకూడదని నాకు తట్టనే లేదు.

రాబందు ముందు ముసలివాళ్ళందరూ ఒకే మాట అన్నారు: చచ్చిన ఎద్దు మీద ఇవి గుంపులుగా వాలేవి, ఇప్పుడు కుక్కలు వాలుతున్నాయి. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసిందని, 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వం నిషేధించిందని చెప్పాను. ఒకాయన ఆ మందు పేరును నోటు పుస్తకం కాగితం చింపి రాయించుకున్నాడు.

నోటు పుస్తకంలో ఆ రోజు పద్నాలుగు దిద్దుబాట్లు చేరాయి. అందులో తొమ్మిది నేను చేయదగినవి.

ఆగస్టు 22

దెబ్బ తగిలింది. ఒక పట్టణంలో మాకు ఇచ్చిన హాలు కప్పు కారుతుందని మాకెవరూ చెప్పలేదు. రాత్రి కురిసిన వాన గోడ వెంబడి దిగి రెండు ఫ్రేముల వెనకకు చేరింది. తెల్లవారి చూస్తే తాబేలు బొమ్మ కాగితం అలలుగా ఉబ్బింది, కింది మూలలో డిప్ప మీది పసుపు గీతలు పక్కనున్న నలుపులోకి పాకాయి. బంగారు బల్లికి మౌంటు అట్ట మాత్రమే తడిసింది.

ఫ్రేము విప్పి, బొమ్మను అద్దుడు కాగితాల మధ్య పెట్టి, మొదటి రోజు గంటకోసారి కాగితాలు మార్చాం. రంగు పొర కాగితానికి అంటుకోకుండా ముందువైపు సిలికాన్ పూసిన బేకింగ్ కాగితం వేశాను. పైన చదునైన పలక, దాని మీద నాపరాయి ముక్క. ఐదో రోజుకు కాగితం చదునైంది. బూజు పట్టలేదు. పాకిన రంగును మాత్రం పూర్తిగా కప్పలేకపోయాను. పసుపు గీతలు నక్షత్రంలా చీలే ఆ ఒక్క పలకలో అంచు ఇప్పటికీ మసకగానే ఉంది. దాన్ని అలాగే ఉంచి, వెనక చీటీలో జరిగింది రాశాను. ఇకమీదట ఏ హాలైనా బొమ్మలు దించే ముందు కప్పును, గోడల మూలలను చేత్తో తడిమి చూస్తాను. ఫ్రేముల వెనక నీరు దిగని షీటు కూడా బిగించాను.

సెప్టెంబరు 14

గోడలే లేని చోట్లకు ఫ్రేములు పనికిరావు. ఇది ముందే తెలిసిన సంగతే అయినా, రెండు పల్లెల్లో చెట్టు కింద ఫ్రేములను కుర్చీలకు ఆనించి పెట్టిన తర్వాత గాని నేను దానికి తలవంచలేదు. ఊరూరా తిరిగే బొమ్మలకు మన దగ్గర ఉన్న పాత పద్ధతి గుడ్డ పటం. తెలంగాణలోని చేర్యాలలో పటాలు వేసే నకాషీ చిత్రకారులు కథలు చెప్పేవాళ్ళ కోసం వేసిన పటాలు ముప్పై అడుగులు దాటినవి కూడా చుట్టగా చుట్టి భుజాన వేసుకుని పోగలిగినవి. కథకుడు పటాన్ని విప్పుతూ, బొమ్మ తర్వాత బొమ్మ చూపుతూ పాడేవాడు. ఆ పటాలు పుట్టిందే దారి పట్టడానికి.

గుడ్డను వాళ్ళ పద్ధతిలోనే సిద్ధం చేశాను. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపిన పూత మూడుసార్లు పూసి, ప్రతిసారీ ఆరాక నున్నటి రాయితో రుద్దాలి. నా మొదటి గుడ్డ చుట్టినప్పుడు పెళుసుగా పగిలింది, సుద్ద ఎక్కువైంది. రెండోసారి అంబలి పాలు పెంచి, పూతలు పలుచబరిచాను. ఇప్పుడు చేతి మణికట్టంత సన్నగా చుట్టినా పగలడం లేదు.

ఒక చిక్కు మాత్రం తెగలేదు. చేర్యాల పటంలో వెనకరంగు ఎరుపు. ఆ ఎరుపు మీద మనిషి, దేవుడు, గుర్రం మిలమిలలాడుతూ బయటికి వస్తాయి. నా ప్రాణులు బయటికి రాకూడదు. కలివికోడి వీపును నేల నుంచి వేరు చేసి చూపిస్తే అది కలివికోడి కాదు. అందుకని పటానికి అంచుల్లో మాత్రమే ఆ ఎరుపును ఉంచి, లోపల లంకమలలో కలుపుకున్న నలభై మూడు రంగుల నేలనే పరిచాను. పటం వేసేవాళ్ళ చేతికి ఇది నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఈ రెండూ ఒకదాన్నొకటి గౌరవించుకున్నట్లే అనిపిస్తోంది.

బట్టమేక గుడ్డ మీద నిటారుగా నిలబడింది. గుడ్డకు పొడవు కొరత లేదు. తాత చూపించిన మెడే వేశాను.

అక్టోబరు 5

సిద్ధవటం వైపు, లంకమల అంచున ఉన్న ఒక పల్లె. పగలు బడిలో పటం విప్పాం. సాయంత్రం చుట్టబోతుండగా ఒక పెద్దాయన వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు రాత్రిళ్ళు వేటకు పోయినవాడట. ఆ పని మానేసి చాలాకాలమైందని తనే ముందుగా చెప్పాడు. కలివికోడి బొమ్మను చూసి తల ఊపాడు కానీ ఏమీ అనలేదు. తప్పేమైనా ఉంటే చెప్పమని అడిగాను.

"తప్పు లేదమ్మా. పగలు ఇట్లనే ఉంటాదేమో. నేను పగలు సూసింది లేదు. కరెంటు ఆపు, సూపిస్తా."

గదిలో దీపాలు ఆపించి, పటాన్ని నేల మీద పరిపించి, తన టార్చిని మోకాలి ఎత్తులో పట్టుకుని పక్కవాటుగా వేశాడు. నేను మూడు వారాలు కలిపి వేసిన గోధుమరంగులన్నీ నేలలో కలిసిపోయాయి. వీపు లేదు, పట్టీలు లేవు. పట్టీల మధ్య తెలుపు, కనుబొమ గీత, కంట్లో నేను పక్కకు జరిపిన ఆ చుక్క, ఇవి మూడే మిగిలాయి. గదిలోని పిల్లలు ఊపిరి బిగబట్టారు.

"ఇదీ కలివికోడి," అన్నాడాయన. "రెండు తెల్లగీతలు ఉరుకుతాయి, ఆగుతాయి. అంతే. నువ్వు ఎనక గీతను ఇంకా రవ్వంత వెడల్పు సెయ్యి, దూరం నుంచి అదే తెలుస్తాది."

కనుబొమ గీత వెనక కొసను ఆ రాత్రే, ఆయన టార్చి పట్టుకుని కూర్చోగా, రెండు మిల్లీమీటర్లు వెడల్పు చేశాను. ఆయన రెండుసార్లు చాలదన్నాడు, మూడోసారి సరే అన్నాడు.

అక్టోబరు 19

రాత్రి కలివికోడి కోసం కొత్త గుడ్డ సిద్ధమవుతోంది. నేల మొత్తం అల్ట్రామెరైన్, రా అంబర్ కలిపిన చీకటి. పక్షి కొలత అదే 27 సెంటీమీటర్లు. తెలుపు మూడు చోట్ల మాత్రమే. రెండు బొమ్మలూ పక్కపక్కనే వేలాడతాయి, ఒకటి పగటిది, ఒకటి టార్చిది. రెండో పూత ఇంకా ఆరలేదు. నవంబరు మొదటి వారంలో ఆత్మకూరు వైపు బయలుదేరాలి. అక్కడికి చేరేలోపు తోడేలు పక్కటెముకలు కూడా దిద్దాలి.